చంక కింద గాలి: సైడ్‌మౌంట్ డైవింగ్

పిల్లలూ, ఈ పాఠాన్ని ఒక సామెతతో మొదలుపెడదాం.

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు."

చంక అంటే భుజం కింద, చేతికీ ఒంటికీ మధ్య ఉండే చోటు. నాన్న కళ్ళజోడు తలమీదే పెట్టుకుని ఇల్లంతా వెతుకుతుంటే అమ్మమ్మ నవ్వుతూ ఈ సామెత అంటుంది. వస్తువు మన దగ్గరే ఉంది, కానీ మన కంటికి ఆనడం లేదు. అదీ దీని అర్థం.

కళ్ళజోడు కనపడకపోతే నవ్వుకుంటాం. అదే నీళ్ళ కింద 20 మీటర్ల లోతులో ఉన్నాం అనుకోండి. మన ఊపిరి ఉన్న సిలిండర్ మన వీపు మీదే ఉంది. దానికేదో అయింది, బుడగల చప్పుడు వినిపిస్తోంది. కానీ వెనక్కి తిరిగి చూడలేం, చెయ్యి సరిగ్గా అందదు. అప్పుడు నవ్వు రాదు కదా!

అందుకే కొంతమంది డైవర్లు సిలిండర్లని వీపు మీంచి తీసి చంకల కిందకి, అంటే ఒంటికి రెండు పక్కలకి తెచ్చుకున్నారు. ఈ పద్ధతి పేరే సైడ్‌మౌంట్. దీనిలో ఏ సామాను వాడతారు, నీళ్ళలో మునగకుండా తేలకుండా ఎలా నిలబడతారు, గాలి లెక్క ఎలా వేస్తారు అన్నవి ఈ పాఠంలో చూద్దాం.

1. ముందుగా, స్కూబా అంటే

స్కూబా అంటే నీళ్ళలో ఊపిరి తీసుకోవడానికి మనమే మోసుకెళ్ళే పరికరం. 1943లో ఫ్రాన్స్‌లో జాక్ కూస్తో అనే నావికాదళ అధికారి, ఎమీల్ గాన్యాన్ అనే ఇంజనీరు కలిసి ఆక్వాలంగ్ అనే పరికరం తయారుచేశారు. ఈ రోజు వాడే స్కూబా సామాను చాలావరకు దాని సంతతే.

సిలిండర్‌లో ఉండేది ఆక్సిజన్ మాత్రమే అని చాలామంది అనుకుంటారు. కాదు. మామూలుగా దాంట్లో నింపేది మనం పీల్చే గాలినే. కాకపోతే బాగా అదిమి నింపుతారు. ఎక్కువగా వాడే అల్యూమినియం సిలిండర్‌లో 11 లీటర్ల నీళ్ళు పడతాయి. కానీ అదే సిలిండర్‌లో గాలిని అదిమితే 2,200 లీటర్లు పడుతుంది! అలా అదిమినప్పుడు కలిగే ఒత్తిడిని బార్లలో కొలుస్తారు. మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి సుమారు 1 బార్. నిండు సిలిండర్‌లో సుమారు 200 బార్లు.

అంత ఒత్తిడితో గాలి నేరుగా నోట్లోకి వస్తే మనం తట్టుకోలేం. అందుకే మధ్యలో రెగ్యులేటర్ ఉంటుంది. దాంట్లో రెండు భాగాలు. సిలిండర్ మూతికి బిగించే భాగం ఒత్తిడిని ఒకసారి తగ్గిస్తుంది. అక్కణ్ణించి ఒక గొట్టం వస్తుంది. గొట్టం చివర, నోట్లో పెట్టుకునే భాగం మిగిలిన ఒత్తిడిని తగ్గించి, మనం పీల్చినప్పుడు మాత్రమే గాలినిస్తుంది.

ఇంకో సంగతి. లోతుకి వెళ్ళేకొద్దీ నీళ్ళు మనల్ని అన్ని వైపుల నుంచీ నొక్కుతాయి. ప్రతి 10 మీటర్లకి సుమారు 1 బార్ ఒత్తిడి పెరుగుతుంది. దానికి తగ్గట్టు రెగ్యులేటర్ కూడా చిక్కటి గాలినివ్వాలి. అంటే లోతుకి వెళ్తే గాలి త్వరగా అయిపోతుంది. నిమిషానికి 20 లీటర్లు పీల్చే డైవర్ ఉన్నాడనుకుందాం. అతని లెక్క ఇలా ఉంటుంది:

- నీటి పైన: నిమిషానికి 20 లీటర్లు. సిలిండర్ 110 నిమిషాలు వస్తుంది.
- 10 మీటర్ల లోతులో: నిమిషానికి 40 లీటర్లు. సిలిండర్ 55 నిమిషాలు వస్తుంది.
- 30 మీటర్ల లోతులో: నిమిషానికి 80 లీటర్లు. సిలిండర్ అరగంట కూడా రాదు.

సిలిండర్ అదే, మనిషీ అదే. లోతు మారింది, అంతే. భయపడి గబగబా ఊపిరి తీస్తే ఇంకా త్వరగా అయిపోతుంది. అందుకే డైవింగ్‌లో మొదటి పాఠం ఈత కాదు, నెమ్మది.

2. ఈ ఆలోచన ఎవరికి వచ్చింది?

ఇంగ్లండ్‌లో మెండిప్ అనే కొండలున్నాయి. సున్నపురాయి కొండలు. వాన నీరు సున్నపురాయిని వేల ఏళ్ళపాటు కొంచెం కొంచెంగా కరిగించి గుహలు చేస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో బెలుం గుహలు చూసినవాళ్ళుంటే మీకు ఇది వెంటనే అర్థమవుతుంది. అవి కూడా నీళ్ళు సున్నపురాయిని కరిగించి చేసినవే.

మెండిప్ గుహల్లో నడుస్తూ, పాక్కుంటూ వెళ్తుంటే మధ్యలో ఒక్కోచోట దారి నీళ్ళలో మునిగిపోయి ఉంటుంది. అవతల మళ్ళీ గాలి, మళ్ళీ దారి. ఆ మునిగిన ముక్క దాటితేనే గుహ ఇంకా ఎంత దూరం ఉందో తెలుస్తుంది. కానీ వీపు మీద పెద్ద సిలిండర్ పెట్టుకుని ఇరుకు సందులో పాకడం కుదరదు. సిలిండర్ పైకప్పుకి తగులుతుంది, మనిషి ఇరుక్కుపోతాడు. అందుకని 1960ల్లో అక్కడి గుహ డైవర్లు చిన్న సిలిండర్లని నడుం బెల్టుకి, తొడ పక్కన కట్టుకోవడం మొదలుపెట్టారు.

తరవాత అమెరికాలోని ఫ్లోరిడాలో నీటి ఊటల గుహల్లో ఈదేవాళ్ళు దీన్ని అందిపుచ్చుకున్నారు. అక్కడ పాకడం తక్కువ, ఈత ఎక్కువ. తొడ పక్కన వేలాడే సిలిండర్ ఈతకి అడ్డం వస్తుంది. అందుకని దాన్ని పైకి, చంక కిందకి తెచ్చారు. కదలకుండా ఉండటానికి ఏం వాడారో తెలుసా? సైకిల్ ట్యూబు! పాత ట్యూబు ముక్క సిలిండర్ మూతికి తగిలించి ఒంటికి దగ్గరగా లాక్కున్నారు. మెక్సికోలోని నీటి గుహల్లో కూడా ఈ పద్ధతి బాగా పెరిగింది. 1990ల నుంచి దీనికి సరిపడా సామాను దుకాణాల్లో దొరకడం మొదలైంది. ఇప్పుడు గుహల్లోనే కాదు, సముద్రంలో కూడా చాలామంది ఇలాగే డైవ్ చేస్తున్నారు.

3. ఒంటి మీద ఏమేం ఉంటాయి?

మీరు కావడి చూశారా? ఒక బద్దకి రెండు చివరలా తాళ్ళతో రెండు బిందెలు కట్టి, బద్దని భుజం మీద పెట్టుకుని మోస్తారు. శ్రవణకుమారుడు అమ్మానాన్నల్ని మోసింది కావడిలోనే. కావడిలో గొప్పంతా సమానంలో ఉంది. రెండు వైపులా బరువు సమానంగా ఉంటే నడక సులువు. ఒక వైపు ఎక్కువైతే మనిషి ఒరిగిపోతాడు. సైడ్‌మౌంట్ డైవర్ కూడా నీళ్ళలో కావడి మోసేవాడిలాంటివాడే. అతని సామాను ఇది:

పట్టీలు. భుజాల మీంచి, నడుం చుట్టూ, కాళ్ళ మధ్య నుంచి వచ్చే గట్టి పట్టీల అల్లిక. వాటికి అక్కడక్కడా ఇనప రింగులుంటాయి.

గాలి తిత్తి. వీపుకి అంటుకుని ఉండే పల్చటి సంచి. తిత్తి అంటే గాలి నిండే సంచి. కమ్మరి కొలిమి దగ్గర గాలి కొట్టడానికి వాడేది కూడా తిత్తే. "ఊపిరితిత్తులు" అన్న మాటలో తిత్తి ఉంది, గమనించారా? డైవర్ ఒక మీట నొక్కి సిలిండర్‌లోని గాలిని ఈ సంచిలోకి పంపిస్తాడు, ఇంకోటి లాగి బయటికి వదిలేస్తాడు.

రెండు సిలిండర్లు. కుడి పక్క ఒకటి, ఎడమ పక్క ఒకటి. అడుగున ఒక క్లిప్పు ఉంటుంది, కుక్క గొలుసుకి ఉండే క్లిప్పు లాంటిదే. దాన్ని నడుం దగ్గర తగిలిస్తారు. పైన మూతి దగ్గర సాగే తాడు ఒకటి చుట్టి చంక కిందకి లాక్కుంటారు. అప్పటి సైకిల్ ట్యూబు పని ఇప్పుడు ఈ తాడు చేస్తుంది.

రెండు రెగ్యులేటర్లు. ఏ సిలిండర్‌కి దానిదే. సాధారణంగా ఎడమ సిలిండర్ గొట్టం పొట్టిగా ఉంటుంది, దాని నోటి భాగం మెడలో దండలా వేలాడుతుంది. కుడి సిలిండర్ గొట్టం సుమారు 2 మీటర్లు ఉంటుంది. అంత పొడుగెందుకు? తోటి డైవర్‌కి గాలి అయిపోతే ఇవ్వడానికి. ఇరుకు సందులో ఇద్దరూ పక్కపక్కన ఈదలేరు, ఒకరి వెనక ఒకరు రావాలి. అందుకే ఆ పొడుగు.

రెండు మీటర్లు. ఏ సిలిండర్‌లో ఎంత గాలి ఉందో చూపించేవి. రెండూ ఛాతీ దగ్గరే, కళ్ళకి ఎదురుగా ఉంటాయి.

ఇప్పుడు మళ్ళీ సామెత దగ్గరికి వద్దాం. వీపు మీద సిలిండర్ ఉన్నవాడికి మూత ఎక్కడో మెడ వెనక ఉంటుంది. సైడ్‌మౌంట్ డైవర్‌కి చంకలోనే ఉంది, తల వంచితే కనపడుతుంది, చెయ్యి వేస్తే అందుతుంది. ఇక ఊరంతా వెతకక్కర్లేదు!

4. మునగకుండా, తేలకుండా

మా ఊళ్ళో పిల్లలు బావిలో ఈత నేర్చుకునేటప్పుడు ఎండిన సొరకాయ బుర్ర వీపుకి కట్టేవాళ్ళు. లోపలంతా గాలే కాబట్టి అది మునగదు, పిల్లవాణ్ణీ మునగనివ్వదు. ఒక వస్తువు ఎంత నీటిని పక్కకి తోస్తుందో, అంత నీటి బరువుతో సమానమైన బలం దాన్ని పైకి నెడుతుంది. సుమారు 2,200 ఏళ్ళ కిందట గ్రీకు పండితుడు ఆర్కిమెడిస్ చెప్పిన మాట ఇది. పైకి నెట్టే ఈ బలాన్ని తెలుగు సైన్సు పుస్తకాల్లో ఉత్ప్లవనం అంటారు.

సొరకాయ బుర్ర కట్టుకున్నవాడు పైనే ఉండాలి. రాయి కట్టుకున్నవాడు కిందే ఉంటాడు. డైవర్‌కి ఈ రెండూ వద్దు. మధ్యలో, ఎక్కడ ఆగాలనుకుంటే అక్కడ ఆగాలి. దానికి అతని దగ్గర మూడు సాధనాలు ఉన్నాయి.

మొదటిది సీసం బరువులు. ఇవి కిందకి లాగుతాయి. ఎన్ని కావాలో డైవ్‌కి ముందే చూసుకుంటారు.

రెండోది గాలి తిత్తి. లోతుకి వెళ్ళేకొద్దీ ఒత్తిడికి తిత్తిలో గాలి కుంచించుకుపోతుంది, తేలే బలం తగ్గుతుంది. అప్పుడు కొంచెం గాలి చేర్చాలి. పైకి వస్తుంటే అదే గాలి ఉబ్బుతుంది. అప్పుడు వదిలెయ్యాలి. వదలకపోతే ఇంకా పైకి, ఇంకా ఉబ్బి, ఇంకా పైకి, బెలూన్‌లా ఎగిరిపోతాం.

మూడోది మన ఊపిరితిత్తులు. ఊపిరి నిండా పీలిస్తే కొంచెం పైకి లేస్తాం, వదిలితే కొంచెం కిందకి దిగుతాం. చిన్న చిన్న సర్దుబాట్లు డైవర్లు దీంతోనే చేస్తారు. అయితే ఒక నియమం ఎప్పటికీ మరిచిపోకూడదు: సిలిండర్ గాలి పీల్చేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు. 10 మీటర్ల లోతులో ఊపిరితిత్తుల నిండా ఉన్న గాలి, పైకి వచ్చేసరికి రెండింతలవుతుంది. బిగబడితే అది బయటికి పోయే దారి లేక ఊపిరితిత్తులు చిరిగిపోవచ్చు. పీలుస్తూ, వదులుతూనే ఉండాలి.

ఇక సైడ్‌మౌంట్‌లో మాత్రమే కనిపించే ఒక తమాషా చూడండి. గాలికి బరువుంటుందా? ఉంటుంది! 2,200 లీటర్ల గాలి రెండున్నర కిలోల పైనే తూగుతుంది. అల్యూమినియం సిలిండర్ నిండుగా ఉన్నప్పుడు నీళ్ళలో నెమ్మదిగా మునుగుతుంది. గాలి అయిపోతుంటే తేలిక అవుతుంది, ఖాళీ అయితే తేలుతుంది. మూతి వైపు రెగ్యులేటర్ బరువు ఉంటుంది కాబట్టి ముందుగా అడుగు భాగం పైకి లేస్తుంది. తోక ఎత్తిన దూడలా అన్నమాట! అప్పుడు డైవర్ ఏం చేస్తాడు? నడుం వెనక తగిలించిన క్లిప్పు తీసి, నడుం ముందు వైపున్న రింగుకి మారుస్తాడు. సిలిండర్ మళ్ళీ ఒంటికి సమాంతరంగా వస్తుంది. ఉక్కు సిలిండర్లయితే బరువెక్కువ, అవి ఇలా తేలవు.

5. కప్పలా ఈదడం

సైడ్‌మౌంట్ డైవర్ నీళ్ళలో నిలువుగా ఉండడు. చాప పరిచినట్టు అడ్డంగా ఉంటాడు. తల కొంచెం ఎత్తి ముందుకి చూస్తాడు. మోకాళ్ళు మడిచి పాదాలు పైకి పెడతాడు. ఇలా ఉంటే ఎదురయ్యే నీటి అడ్డు తక్కువ, అలసట తక్కువ, గాలి ఖర్చు తక్కువ.

కాళ్ళు కిందకీ పైకీ టపటపా కొడితే ఏమవుతుంది? అడుగున వందల ఏళ్ళుగా పేరుకున్న మెత్తటి ఒండ్రు లేస్తుంది. ఒక్క నిమిషంలో నీళ్ళు పాలు కలిపిన టీలా అయిపోతాయి. చేతిలో లైటు ఉన్నా ఎదురుగా ఉన్న చెయ్యి కనపడదు. అందుకే గుహ డైవర్లు కప్ప ఈత ఈదుతారు. కాళ్ళు పక్కలకి తెరిచి, పాదాలతో నీటిని వెనక్కి తోసి, కాసేపు అలా జారిపోతారు. అప్పుడు నీరు వెనక్కే వెళ్తుంది, కిందకి వెళ్ళదు. ఉన్నచోటనే గుండ్రంగా తిరగడం, వెనక్కి ఈదడం కూడా నేర్చుకుంటారు. చేతులు దాదాపు వాడరు. చేతులకి వేరే పని ఉంది: లైటు, తాడు, మూతలు.

తాడు అన్నాను కదా. గుహలోకి వెళ్ళేటప్పుడు బయటి నుంచి లోపలిదాకా తెగకుండా ఒక సన్నటి తాడు పరుస్తూ వెళ్తారు. నీళ్ళు మసకబారినా, లైట్లు ఆరిపోయినా, ఆ తాడు పట్టుకుని బయటికి రావచ్చు. లైట్లు కూడా ఒకటి కాదు, తక్కువలో తక్కువ 3 ఉండాలి.

6. రెండు సిలిండర్లు, ఒక లెక్క

ఇది ఈ పాఠంలో ముఖ్యమైన భాగం. కాగితం, పెన్సిలు తీసుకోండి.

సముద్రంలో ఏదైనా తప్పు జరిగితే నెమ్మదిగా పైకి రావచ్చు. గుహలో పైన ఆకాశం లేదు, రాయి ఉంది. ఎంత దూరం లోపలికి వెళ్ళామో, అంత దూరం వెనక్కి ఈదితేనే గాలి. కాబట్టి గుహ డైవర్లు మూడో వంతు నియమం పాటిస్తారు. గాలిని మూడు భాగాలు చేస్తారు. ఒక భాగం వెళ్ళడానికి, ఒక భాగం రావడానికి, ఒక భాగం ఆపదకి. ఆ మూడో భాగం నీ కోసమే కాదు, నీతో వచ్చినవాడి కోసం కూడా.

రెండు సిలిండర్లలోనూ చెరో 200 బార్లు ఉన్నాయనుకుందాం. 200లో మూడో వంతు 66 చిల్లర. కొంచెం తగ్గించి 60 అనుకుందాం. అంటే ఒక్కో సిలిండర్ నుంచి 60 చొప్పున, మొత్తం 120 బార్లు వాడేసరికి వెనక్కి తిరగాలి. తిరిగి రావడానికి కూడా 120 కావాలి.

రవి కుడి సిలిండర్ కొంచెంసేపు, ఎడమ సిలిండర్ కొంచెంసేపు మార్చి మార్చి పీల్చాడు. తిరిగే చోటికి వచ్చేసరికి కుడిలో 140, ఎడమలో 140 ఉన్నాయి. సరిగ్గా అప్పుడే కుడి సిలిండర్ పాడైంది. ఎడమలో 140 ఉంది. బయటికి రావడానికి 120 చాలు. వచ్చేశాడు.

కిరణ్ మార్చడం బద్ధకమని ఎడమ సిలిండర్ ఒక్కటే పీల్చాడు. తిరిగే చోట ఎడమలో 80, కుడిలో 200 ఉన్నాయి. మొత్తం చూస్తే రవికి ఉన్నంతే, 280! ఇప్పుడు కుడిది పాడైంది. ఎడమలో ఉన్నది 80. కావలసింది 120.

ఇద్దరి దగ్గరా ఒకే గాలి. ఒకేచోట ఆపద. కానీ కిరణ్ తోటి డైవర్ సాయం లేకుండా బయటికి రాలేడు. తేడా గాలిలో లేదు, సమానంలో ఉంది. కావడి గుర్తొచ్చిందా?

అందుకే సైడ్‌మౌంట్ డైవర్ మీటర్లు చూస్తూ, కొన్ని కొన్ని బార్లకి ఒకసారి నోట్లో రెగ్యులేటర్ మారుస్తూ ఉంటాడు. ఇది పని పెంచినట్టే ఉంటుంది. కానీ ఆ పని వల్లే రెండు సిలిండర్లకీ అర్థం ఉంది.

ఇంకో నేర్పు కూడా ఉంది. ఒక్కోసారి రెగ్యులేటర్ చెడిపోయి గాలి ధారగా పోతూనే ఉంటుంది. సిలిండర్ వీపు మీద ఉంటే తడుముకోవాలి. పక్కనే ఉంటే వెంటనే మూత కట్టేస్తాడు. సిలిండర్‌లో గాలి ఇంకా ఉంది కదా, దాన్ని వదులుకోనక్కర్లేదు. మూత కొంచెం తిప్పి ఒక ఊపిరి పీల్చి, మళ్ళీ కట్టేస్తాడు. కుళాయి విప్పి గ్లాసు నింపుకుని కట్టేసినట్టే. ఊపిరి ఊపిరికీ ఇలా చేస్తూ బయటికి రావచ్చు. మూత కంటికి కనపడి చేతికి అందితేనే ఇది సాధ్యం.

7. థాయ్‌లాండ్ గుహలో

2018 జూన్ 23న థాయ్‌లాండ్‌లో 12 మంది అబ్బాయిలు ఫుట్‌బాల్ ఆట అయ్యాక, తమ కోచ్‌తో కలిసి థామ్ లువాంగ్ అనే గుహలోకి వెళ్ళారు. అబ్బాయిల వయసు 11 నుంచి 16 ఏళ్ళు. అంటే మీ ఈడువాళ్ళు, మీ అన్నల ఈడువాళ్ళు. లోపల ఉండగా పెద్ద వాన కురిసింది. నీళ్ళు వచ్చి వెనక దారి మూసేశాయి. వాళ్ళు ఇంకా లోపలికి వెళ్ళి ఒక ఎత్తయిన చోట కూర్చున్నారు.

థాయ్ నౌకాదళ డైవర్లు వెంటనే వచ్చారు. సముద్రంలో ఆరితేరినవాళ్ళు. కానీ గుహ వేరు. బురద నీరు, ఎదురు ప్రవాహం, ఇరుకు సందులు. ప్రపంచం నలుమూలల నుంచి గుహ డైవర్లని పిలిపించారు. ఇంగ్లండ్ నుంచి రిక్ స్టాంటన్, జాన్ వొలాంథన్ వచ్చారు. స్టాంటన్ అంతకుముందు అగ్నిమాపక దళంలో పనిచేశారు. వొలాంథన్‌ది కంప్యూటర్ల ఉద్యోగం. గుహ డైవింగ్ వాళ్ళకి సరదా మాత్రమే. వాళ్ళు తమ దేశపు గుహల్లో అలవాటైనట్టే సిలిండర్లు పక్కలకి కట్టుకుని, తాడు పరుస్తూ లోపలికి వెళ్ళారు. జూలై 2 రాత్రి, 13 మందీ ప్రాణాలతో కనిపించారు! అబ్బాయిల్లో 14 ఏళ్ళవాడు ఒకడికి చాలా భాషలు వచ్చు. వచ్చినవాళ్ళతో ఇంగ్లీషులో మాట్లాడింది అతనే.

కనుక్కోవడం సగం పనే. ఆ పిల్లలకి డైవింగ్ రాదు. చీకట్లో, ఇరుకులో ఒక్కరు భయంతో కొట్టుకున్నా అందరికీ ప్రమాదం. అందుకని ఆస్ట్రేలియా నుంచి వచ్చిన డాక్టర్ రిచర్డ్ హారిస్ పిల్లలకి మత్తుమందు ఇచ్చారు. ఆయన కూడా గుహ డైవరే. ముఖం మొత్తం కప్పే మాస్కులు పెట్టారు. ఒక్కో పిల్లవాణ్ణి ఒక్కో డైవర్ పట్టుకుని నీళ్ళలోంచి తీసుకొచ్చారు. జూలై 8న నలుగురు, 9న నలుగురు, 10న ఐదుగురు. అందరూ బయటపడ్డారు.

కానీ ఈ కథలో ఒక దుఃఖం కూడా ఉంది. నౌకాదళంలో పనిచేసి మానేసిన సమన్ కునాన్, సాయం చెయ్యడానికి తనంతట తానే వచ్చారు. జూలై 6న గుహలో సిలిండర్లు ఉంచి తిరిగి వస్తూ నీళ్ళలో స్పృహ తప్పి చనిపోయారు. బాగా శిక్షణ పొందిన మనిషి, బలమైన మనిషి. నీళ్ళు నిండిన గుహ ఎంత కఠినమైనదో ఆయన్ని తలుచుకుంటే తెలుస్తుంది. అందుకే ఫ్లోరిడాలో, మెక్సికోలో కొన్ని నీటి గుహల ముందు మృత్యువు బొమ్మతో బోర్డులు పెట్టారు. గుహ శిక్షణ లేనివాళ్ళు, ఎంత మంచి ఈతగాళ్ళయినా, అక్కడే ఆగిపోవాలి.

మీలో కొందరికి ఇప్పుడే డైవింగ్ నేర్చుకోవాలనిపించవచ్చు. చాలాచోట్ల 10 ఏళ్ళు నిండిన పిల్లలకి, పెద్దవాళ్ళ తోడుతో, తక్కువ లోతులో నేర్పిస్తారు. సైడ్‌మౌంట్ ఆ తరవాత. గుహలు పెద్దయ్యాకే. ఈలోగా నేర్చుకోవలసినవి ఇంట్లోనే ఉన్నాయి: నెమ్మదిగా ఊపిరి తీయడం, సామాను ముందే సరిచూసుకోవడం, ఉన్నదంతా ఒకేసారి ఖర్చు చెయ్యకుండా కొంత దాచడం.

కొత్త మాటలు

- చంక: భుజం కింద, చేతికీ ఒంటికీ మధ్య చోటు
- కావడి: రెండు వైపులా బరువు కట్టి భుజం మీద మోసే బద్ద
- తిత్తి: గాలి నిండే సంచి
- ఒత్తిడి: నొక్కే బలం
- ఒండ్రు: నీటి అడుగున పేరుకునే మెత్తటి మట్టి
- ఆరితేరిన: బాగా అలవాటై, నేర్పు వచ్చిన
- బిగబట్టడం: వదలకుండా గట్టిగా ఆపడం

ఎక్కడ ఉంది? సరైన మాట రాయండి
(మీద, కింద, చుట్టూ, పక్కన, వెనక, ఎదురుగా)

1. సైడ్‌మౌంట్ సిలిండర్ చంక ______ ఉంటుంది.
2. మామూలు స్కూబా సిలిండర్ వీపు ______ ఉంటుంది.
3. బెల్టు నడుం ______ ఉంటుంది.
4. గాలి మీటర్లు కళ్ళకి ______ ఉంటాయి.
5. ఇరుకు సందులో ఇద్దరూ ఒకరి ______ ఒకరు ఈదాలి.
6. పాత రోజుల్లో మెండిప్ డైవర్లు సిలిండర్లని తొడ ______ కట్టుకునేవాళ్ళు.

లెక్క చెయ్యండి

రాధ దగ్గర రెండు సిలిండర్లు ఉన్నాయి. చెరో 180 బార్లు. మూడో వంతు నియమం ప్రకారం ఒక్కో సిలిండర్ నుంచి ఎన్ని బార్లు వాడాక వెనక్కి తిరగాలి? తిరిగే చోట ఒక సిలిండర్ పాడైతే, మిగిలిన ఒక్కదానితో బయటికి రాగలదా? ఎలాగో రెండు వాక్యాల్లో రాయండి.

చేసి చూడండి

ఒక ప్లాస్టిక్ సీసా నిండా నీళ్ళు పొయ్యండి. విప్పని టమాటా సాస్ పొట్లం ఒకటి దాంట్లో వేసి మూత బిగించండి. పొట్లం పైన తేలాలి. మునిగిపోతే వేరే పొట్లం వెయ్యండి. ఇప్పుడు సీసాని రెండు చేతులతో గట్టిగా నొక్కండి. పొట్లం కిందకి దిగుతుంది. వదిలితే పైకి వస్తుంది. పొట్లంలో ఉన్న చిన్న గాలి బుడగకి ఏం జరిగింది? డైవర్ గాలి తిత్తితో పోల్చి చెప్పండి. కొంచెం కొంచెం నొక్కుతూ పొట్లాన్ని సరిగ్గా మధ్యలో ఆపగలరా? ప్రయత్నించండి. డైవర్ కష్టం ఏమిటో తెలుస్తుంది!

ఇంట్లో అడగండి

ఈ ఆదివారం ఫోన్‌లో తాతయ్యనో, నాయనమ్మనో, అమ్మమ్మనో అడగండి: "మీరు ఈత ఎక్కడ నేర్చుకున్నారు? చెరువులోనా, బావిలోనా, కాలవలోనా? మునగకుండా ఒంటికి ఏం కట్టుకునేవారు?" వాళ్ళు చెప్పిన మాటల్లో మీకు తెలియనివి మూడు రాసుకుని, వచ్చే క్లాసుకి తీసుకురండి. మీకు ఈ పాఠంలో తెలిసిన ఒక సంగతి వాళ్ళకి తెలుగులో చెప్పండి.